పెద్దమ్మ బతికించిన కంపెనీ

మా పక్కింటి పెద్దమ్మ మొన్న పొద్దున పోయింది. ఆమె కూతురు పరుగున వచ్చి, "అన్నా, అమ్మ లేస్తలేదు" అని చెప్పింది. చుట్టరికం లేకున్నా ఆమెను ఎన్నో ఏళ్లుగా పెద్దమ్మా అనే పిలిచాను. ఆమెకు నేను చేసిన అన్యాయం మా వాడలో ఎవరికీ తెలియదు. ఆమె చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ఆదిలాబాదులో పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లు కంపెనీకి గుమాస్తాను. అక్కడే పత్తి మిషనులో పడి పెద్దమ్మ భర్త కుడిచేయి పోయింది. ఎడమచేత్తో తినడానికి ఆయన సిగ్గుపడితే, పెద్దమ్మ కూడా పక్కన కూర్చుని ఎడమచేత్తోనే తినేది. కూతురు నవ్వితే, "గిది గూడ దేవుడిచ్చిన చెయ్యే" అనేది.

ఆయనకు నష్టపరిహారం ఇమ్మని కోర్టు తీర్పు చెప్పింది. ఆ కాగితం అందినట్టు కంపెనీ తరఫున సంతకం చేసింది నేనే. నెల తిరగకముందే కంపెనీ యజమాని సేటు మిషన్లు అమ్మేశాడు. కంపెనీ పని ఆగిపోయిందనీ, ఎవరికీ ఏమీ ఇవ్వాల్సింది లేదనీ, రిజిస్టరులోంచి పేరు కొట్టేయమనీ కంపెనీల రిజిస్ట్రారుకు నాచేత ఉత్తరం రాయించాడు.

"మరి ఆ తీర్పు, సేట్?" అన్నాను.

"నువ్వు టైపు కొట్టు. దస్కత్ నాది. నీకెందుకు ఫికర్?"

కొట్టాను. తన తమ్ముడి మిల్లులో నాకు కొలువు ఇప్పించాడు.

తర్వాత పెద్దమ్మ కోర్టుకు పోతే, కంపెనీయే లేదు, తీర్పు ఎవరి మీద అమలు చేయాలన్నారు. ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది.

"కంపెనీ లేదంటుండ్రు కొడుకా. మిల్లు జాగ గాన్నే ఉన్నది, సేటు గాన్నే ఉన్నడు. లేనిదేంది?"

"నాకేం తెల్వదు పెద్దమ్మా" అన్నాను.

ఆ మాటతో ఏడాది పోయింది. ఆ వానాకాలమే ఆమె భర్త జ్వరంతో పోయాడు. మందుల కోసం ఇత్తడి బిందెలు అమ్మిందని తర్వాత తెలిసింది.

చివరికి ఒక వకీలు దారి చూపాడు. బాకీ రావలసినవాళ్లు అడిగితే హైకోర్టు కంపెనీ పేరును మళ్లీ రిజిస్టరులో ఎక్కించగలదు. కానీ తీర్పు సంగతి తెలిసే కంపెనీ దాచిందని రుజువు కావాలి. కోర్టు కాగితాల్లో నా సంతకం బయటపడింది. పెద్దమ్మ దాని నకలు తెచ్చి నా ముందు పెట్టింది.

"గిది నీదేనా?"

"నాదే."

తిడుతుందనుకున్నాను. "అయితే నీకు ఎరుకున్నది చెప్పు. గంతే" అంది.

ఆ రోజే అఫిడవిట్ ఇచ్చాను. కొలువు పోయింది. అదేమీ త్యాగం కాదు, ఏడాది ముందు చేయవలసిన పని.

హైకోర్టు కంపెనీని తిరిగి నిలబెట్టింది. దాని పేరు మీదున్న మిల్లు స్థలం అమ్మి ఆమెకు రావలసింది ఇచ్చారు. అంతకు ముందు, ఉత్తర్వు వచ్చిన రోజున, చదివి చెప్పడానికి ఆమె నన్నే పిలిచింది. ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో చెబుతూ పోయాను. కంపెనీ పేరు ఎన్నడూ కొట్టేయనట్టే ఎంచాలన్న చోట నన్ను ఆపింది.

"పోయినదాన్ని పోనట్టే అనుకోవాలె అని రాసిండ్రా?"

"అవును పెద్దమ్మా."

"మనుషులకు గూడ గట్ల రాసిస్తరా కొడుకా?"

కోపంతో అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"గా మాట ఏ వరుసల ఉన్నది, సూపెట్టు" అంది.

చూపించాను. అక్షరం ముక్క రాని పెద్దమ్మ, ఆ వరుస మీద వేలు ఆనించి, ఎండ గడప దాటి లోపలికి వచ్చేదాకా అట్లాగే కూర్చుంది.