గూళ్ళదిబ్బకు పురుడు

రాజులు యుద్ధాలు ఆపిన తేదీలను చరిత్రకారులు శ్రద్ధగా రాసిపెడతారు. అక్కమ్మ నోరు ఆపిన చోటును మాత్రం ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు. పులికాట్ ఒడ్డు పల్లెల్లో అంతకన్నా అరుదైన సంఘటన మరొకటి జరగలేదు.

అక్కమ్మ చేపలమ్మేది. కాళంగి ఏరైనా ఎండాకాలం ఆగేదిగానీ, ఆమె మాట ఆగేది కాదు. అలాంటిది, ఆ ఏరు సరస్సులో కలిసేచోట ఉన్న గూళ్ళదిబ్బ దగ్గరికి పడవ రాగానే, మాట సగంలో ఉన్నా సరే, టక్కున మూగబోయేది. చలికాలమంతా ఆ దిబ్బ మీది మడచెట్లలో గూడబాతులు, కొంగలు పిల్లల్ని చేసేవి. దిబ్బ దాటాక మిగిలిన సగం మాట బయటికొచ్చేది.

"...అంత పని చేసినాది ఆ యమ్మ!"

మొదటి సగం మరిచిపోయిన మొగుడు కుప్పయ్య గడ వేస్తూనే "యా యమ్మే?" అని అడిగి తిట్లు తినేవాడు.

ఈ మౌనం అక్కమ్మకు తల్లి నేర్పింది. "పురిటింటి ముందర గొంతెత్తుతారా ఎవురైనా?" అని చిన్నప్పుడు ఒక్కసారి అడిగిందట. అంతే. ఆ కాస్త దూరంలో గడ నీళ్ళలో దిగే చప్పుడు, చెట్లలో పిల్లల రొద తప్ప ఇంకేమీ వినబడేది కాదు. ఆ పడవెక్కినవాళ్ళు ముసలివాళ్ళయ్యాక కూడా ఆ చప్పుడునే తలుచుకునేవారు.

రెండో ప్రపంచయుద్ధం చివరి చలికాలం అది. పెట్రోలు కరువై బస్సులు వీపున కుంపట్లు మోసుకుని బొగ్గుతో నడిచేవి. తిరుపతి నుంచి గంగాధరం అనే బొగ్గు కంట్రాక్టరు వచ్చి బొగ్గు కాల్చడానికి దిబ్బ మీది చెట్లన్నీ వేలంలో పాడుకున్నాడు. మర్నాడే గొడ్డళ్ళ మనుషులతో దిగి కుప్పయ్య పడవ అడిగాడు. గూళ్ళలో పిల్లలకింకా ఈకలు రాలేదు. చెట్టు పడితే అవి నీళ్ళపాలే.

అక్కమ్మ పడవకు అడ్డం నిలబడింది.

"ఆడికి పోకూడదు సామీ. పురుడైన ఇల్లు అది."

"ఎవురికమ్మా పురుడు?"

"గూడబాతులకు."

గంగాధరం విరగబడి నవ్వాడు. "పిట్టలకు మైల యాడిదమ్మా?"

"మీ ఇష్టం. తలనీలాలకని గడ్డం పెంచుకోనుండారే, కొండెక్కేది ఎప్పుడు?"

"వచ్చే శనివారం."

"పురిటిమైలతో ఎక్కుతారా? ఎక్కండి సామీ. నేనేమన్నా ఆ దేవుడి దగ్గరకొచ్చి చాడీలు చెప్తానా?"

గంగాధరం నవ్వు సగమైంది. చదువుకున్నవాడు, పిట్టలకు మైల ఉండదని తెలుసు. కొండ విషయంలో తనకు తెలిసినదాన్ని నమ్ముకుంటే ప్రమాదమనీ తెలుసు.

"పదకొండో దినానికి మైల పోతాది గదా. అప్పుడొస్తా."

"రాండి. ఒక గూట్లో నిన్న పిల్లయింది, ఇంకో గూట్లో ఈ పొద్దు. ఆ పక్కదాంట్లో గుడ్డు ఇంకా పగల్లేదు. యా పురుడుకు పదకొండో దినమో మీరే లెక్కేసుకోండి."

కుప్పయ్య గడకు ఆనుకుని సానుభూతిగా చూశాడు. "ఈమెతో నేను వాదులాడబట్టి ఇరవై ఏండ్లాయ సామీ. ఒక్కసారన్నా గెలిచుంటే మీకు ఉపాయం చెప్పేవాణ్ణి."

అప్పటికే కూలీలు ఒక్కొక్కరే గొడ్డళ్ళు కింద పెట్టి ఒడ్డున కూర్చున్నారు.

"సరే," అన్నాడు గంగాధరం. "పిల్లలు ఎగిరిపోయినాకనే వస్తా. మళ్ళా చలికాలం రాకముందే నరికేస్తా. చెట్లు నావి, మర్చిపోవద్దు."

వేసవికి పిల్లలన్నీ ఎగిరిపోయాయి. పల్లెలో అక్కమ్మ విజయం మాత్రం రోజురోజుకూ పెరిగింది. కంట్రాక్టరు కాళ్ళమీద పడ్డాడన్నారు. ఏడుకొండలవాడే అతన్ని కలలో మందలించాడన్నారు. అక్కమ్మ దేన్నీ కాదనలేదు. పొద్దున్నే గట్టెక్కి తిరుపతి దారి కేసి చూసేది, గొడ్డళ్ళు వస్తున్నాయేమోనని.

రాలేదు. ఆ వానాకాలంలో యుద్ధం ముగిసింది. మెల్లగా బస్సులకు మళ్ళీ పెట్రోలు దొరికింది.