కల్పలత బ్లాగుకు గడియ

సీతాఫల్‌మండిలో కల్పలత ఉండే సందులో పగటిపూట ఎవరూ తలుపుకు గడియ పెట్టరు. పెట్టారంటే లోపల ఏదో గొడవ జరుగుతున్నట్టే లెక్క. కాసేపట్లో ఎవరో ఒకరు చక్కెర కావాలంటూ వచ్చి తలుపు తడతారు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ కల్పలత ఇది చూస్తూనే ఉంది. అయినా తన బ్లాగును బార్లా తెరిచి పెట్టుకుంది. ఆమె తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి.

పిల్లలిద్దరూ బడికి పోవడం అలవాటయ్యాక ఆమె బీఎడ్‌లో చేరింది. కాలేజీలో రామ్మోహనరావు సారు కొత్త పద్ధతి పెట్టాడు. బడికి పోయి పాఠం చెప్పిన ప్రతి వారం ఒక బ్లాగు రాయాలి. ఏం చెప్పాను, ఎక్కడ తడబడ్డాను, మళ్లీ చెబితే ఎట్లా చెబుతాను అన్నది అందులో ఉండాలి. తోటి విద్యార్థులు చదివి కింద తమ మాట రాయాలి. దీనికి మార్కులున్నాయి. అవి రాకపోతే ఏడాది చదువు బూడిదలో పోసిన పన్నీరే.

మొదటి వారం కల్పలత జరిగింది జరిగినట్టే రాసింది. ఆరో తరగతి తన మాట వినలేదని, గొంతు పోయేలా అరిచానని. కోడలి రాత ఇంటర్నెట్‌లో పడ్డదని మురిసిపోయిన అత్త కమలాబాయి, ఆ లింకును సందు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి ఎదురింటి కాంతమణి మిరియాల పాలు పట్టుకుని వచ్చి కూర్చుంది.

“గొంతు పోయిందంట గద పిల్లా. పోరగాండ్లు సుత నీ మాట ఇంటలేరంట. నువ్వు జెర మెత్తగుంటవు, నేను ముందే అన్న.”

“ఎప్పుడన్నవు వదినా?”

“మనసుల అనుకున్న.”

ఆమె వెళ్లాక కమలాబాయి మొహం చిన్నబుచ్చుకుంది. “మన తప్పులు మనమే చాటుకుంటమా బిడ్డా? మంచియి రాయి.”

ఆ తర్వాత కల్పలత మంచివే రాసింది. పిల్లలు ఆసక్తిగా విన్నారు. పాఠం చక్కగా సాగింది. కింద సందు సందంతా ‘సూపర్ అక్కా’ అని వరస కట్టింది, దండాల బొమ్మలు, గులాబీలు. వాటి మధ్య ఇరుక్కుని సారు మాట ఒకటి: “అమ్మా, ఇవి పండుగ శుభాకాంక్షల్లా ఉన్నాయి. శనివారంలోపు నిజంగా జరిగింది రాయండి. లేకపోతే మార్కులు వేయలేను.”

కల్పలతకు ఒళ్లు మండింది. తప్పు జరిగిందని రాస్తే సందు ఊరుకోదు, జరగలేదని రాస్తే సారు ఊరుకోడు. విసుగొచ్చి, బ్లాగు కాలేజీ వాళ్లకు తప్ప ఇంకెవరికీ కనబడకుండా చేసేసింది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టిందో లేదో, అత్త ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

“నీ బ్లాగు తెరుచుకుంటలేదంట. ఇంట్ల ఏమన్న గొడవైందా అని కాంతమణి అడుగుతున్నది.”

“గొడవేం లేదు అత్తమ్మా.”

“మరి గడియెందుకు పెట్టినవు?”

కల్పలత చేతులు తుడుచుకుని, తన ఫోను అందుకుని బ్లాగు గడియ తీసేసింది.

శుక్రవారం ఆరో తరగతికి భిన్నాలు చెప్పింది. “అర్థమైందా?” అంటే “అర్థమైంది టీచర్” అని క్లాసంతా ఒకే గొంతుతో పలికింది. సగం, మూడో వంతు కలిపితే ఎంతో రాయమంది. దాదాపు అందరూ పైవి పైవి, కిందివి కిందివి కూడి ఐదింట రెండు వంతులని రాశారు. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గిపోయింది. ఒక్కరికీ అనుమానం రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ ఒకే గొంతు చెవిలో మోగుతూనే ఉంది. దీన్ని ఇంకెక్కడో విన్నానే అనుకుంటూ ఫోను తెరిచింది. సూపర్ అక్కా, సూపర్ అక్కా, సూపర్ అక్కా.

ఇంటికి రాగానే రాసింది. ‘అర్థమైందా అని అడిగి, అర్థమైందని వాళ్లతో నేనే అనిపించాను. కాలేదనే వీలు ఎవరికీ ఇవ్వలేదు. సోమవారం ఆ మాట అడగను. రొట్టెలిచ్చి, తుంచి చూపించమంటాను.’ ఏమైతే అదైందని అందరికీ కనబడేలాగే పెట్టింది.

శనివారం పొద్దున చాయ్ మరగకముందే కాంతమణి లోపలికొచ్చింది. “రొట్టెలేందీ, పుచ్చకాయ కొయ్యి. పోరగాండ్లు ఖుషీ అయితరు.”

ఆమె వెనకే మూలింటి నూర్‌బీ. మనవరాలు షాగుఫ్తా కల్పలత క్లాసే. “మా పిల్లకు సుత అర్థం కాలేదంట బేటీ. అందరన్నరని తనూ అన్నదంట.”

“గా మాట నిన్న క్లాసుల అనొచ్చు గద నూర్‌బీ.”

“నువ్వు గద్దించినట్టు అడిగితివంట. ఎట్లంటది?”

కల్పలత తల పట్టుకుంది. అంతలో ఫోను మోగింది. బ్లాగు కింద సారు రాశాడు: “ఇప్పుడు మీరు కనబడుతున్నారు. మార్కులు వేశాను. సోమవారం ఏమైందో కూడా రాయండి.”

భుజం మీంచి తొంగి చూసిన కమలాబాయి కొంగు నడుముకు దోపుకుంది. “జొన్నరొట్టెలు నేను చేస్త. ఎన్ని గావాలెనో ఏమో, గ్రూపుల అడగనా?”

“వద్దు అత్తమ్మా.”

అప్పటికే అడిగేసింది.