రెండు కూడిక గుర్తులు

నా చిన్నప్పుడు మా వీధిలో అచ్చు పని ఇంట్లోనే చేసేది పక్కింటి అక్క ఒక్కతే. ప్రెస్సు కాదు. చెక్క చట్రానికి బిగించిన పల్చని పట్టుగుడ్డ, రంగు లాగడానికి ఒక రబ్బరు పలక, ఆరబెట్టడానికి పెరట్లో దండెం, అంతే. విశాఖలో ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులవి. మా నాన్నలాంటివాళ్ళు పొద్దున్నే లారీలెక్కి ఆ వైపు పోయేవారు. పాతవూళ్ళో ఉండే మాకు మాత్రం హార్బరు కూతే గడియారం.

అక్క ఈ పని ఎవరో చేస్తుంటే చూసి నేర్చుకుంది. ఇల్లంతా రంగు వాసనని వాళ్ళమ్మకు ఈ పని గిట్టేది కాదు. మొదటి బేరం కుదరకపోతే చట్రం అటకెక్కించి కుట్టుమిషను ముందు కూర్చోవాలని ముందే చెప్పేసింది. ఆ మొదటి బేరం జాలరిపేట నుంచి వచ్చింది. ఒకాయన కొత్తగా కట్టించిన మరపడవను నీళ్ళలోకి దించుతున్నాడు. ఆ పూజకు పిలుపు కార్డులు కావాలి. కార్డు మీద ఆ పడవే ఉండాలి, ఎర్ర పడవ, నీలం నీళ్ళు. నాకు బొమ్మలు బాగా వస్తాయని అక్క ఆ పని నాకప్పగించింది.

ఒక్కో రంగుకు ఒక్కో బొమ్మ విడిగా గీయాలని నాకు అప్పుడే తెలిసింది. అదీ రంగుల్లో కాదు, రెండూ నల్ల ఇంకుతోనే, ట్రేసింగు కాగితం మీద. ఒక కాగితం మీద నీళ్ళు మాత్రమే, ఇంకోదాని మీద పడవ మాత్రమే. ఎండకు గట్టిపడే మందు పూసిన గుడ్డకు ఆ కాగితం ఆనించి ఎండలో పెట్టి కడిగితే, నలుపు ఉన్నంతమేర మందు పోతుంది. రంగు అక్కడి నుంచే కార్డు మీదకు దిగుతుంది. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడాలంటే, తర్వాత కత్తిరించేసే అంచులో కూడిక గుర్తు వేయమంది అక్క. ఎన్ని వేయాలో తను చెప్పలేదు, నేను అడగలేదు. కొలబద్దతో కొలిచి, రెండు కాగితాల మీదా ఎడమవైపు పైమూల ఒక్కో గుర్తు వేశాను.

నమూనాకు ఒక కార్డు తీశాం. నీలం ఆరాక అక్క ఎరుపు లాగింది. గుర్తు నడిమి మీద గుర్తు నడిమి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. పడవ మాత్రం ముక్కు నీళ్ళలోకి దించి, వెనక భాగం పైకెత్తి ఉంది. పడవాయన వచ్చింది కూడా అప్పుడే.

కార్డు తీసుకుని చాలాసేపు చూశాడు. "ఏటే గుంటా, నా పడవింకా నీట్లో దిగనేదు. అప్పుడే ముంచీసినావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, కార్డు బల్ల మీద బోర్లా పెట్టేశాడు. దీన్ని పేటలో పంచితే ఆ పడవెక్కడానికి ఒక్క మనిషీ రాడని, రేపటికి సరికాకపోతే బజార్లో ప్రెస్సుకు పోతానని అక్కతో చెప్పి, గుమ్మం మెట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. అక్క వాళ్ళమ్మ లోపలి నుంచి వచ్చింది. అటక వైపు చూసింది.

గుర్తులు కలిశాయి కదా అని నేను వాదించాను. అక్క రెండు ట్రేసింగులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, నా గుర్తు నడిమధ్యన గుండుసూది గుచ్చి, పై కాగితం అంచు నా చేతికిచ్చింది.

"తిప్పవే."

తిప్పాను. గుర్తు ఉన్నచోటు నుంచి కదల్లేదు. పడవ మాత్రం గడియారం ముల్లులా తిరుగుతూ మునిగింది, లేచింది, మళ్ళీ మునిగింది. అక్క నా మొహం చూసి రెండో గుండుసూది నా చేతిలో పెట్టింది.

నేను దాన్ని మొదటి సూదికి అంగుళం దూరంలో గుచ్చాను. కాగితం తిరగడం ఆగింది. ఆగిందనే అనుకున్నాను. పడవాయన బీడీ ఆర్పి, లేచి వచ్చి, పై కాగితాన్ని కుడి అంచున వేలితో నెట్టాడు. సూది బెజ్జాల్లో ఉన్న ఆ కాస్త వదులుకే అవతలి చివర పడవ ముక్కు ఊగింది.

"దగ్గిర దగ్గిర పెడితే రెండూ ఒకటే గుంటా. వల ఏసిన సోటు మల్లీ దొరకాలంటే మేం ఒడ్డు మీద రెండు సూసుకుంటాం. ఇటు సివర కొండ, అటు సివర దీపస్తంభం. పక్కపక్క కొండలు సూసుకున్నోడికి వల దొరకదు."

పడవ నీళ్ళ మీద సరిగ్గా నిలిచేట్టు కాగితాలు ఆనించి, కుడివైపు కింది మూల, మొదటిదానికి వీలైనంత దూరంగా, రెండింటి మీదా రెండో గుర్తు వేశాను. మర్నాడు ఎండెక్కాక అక్క రెండు గుడ్డలూ మళ్ళీ తయారుచేసింది. సాయంత్రం పడవాయన కొత్త కార్డును చేయి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, దూరాన సముద్రంలో పడవను చూసినట్టు చూశాడు.

"ఇప్పుడు తేల్తంది," అన్నాడు.

అక్క వాళ్ళమ్మ పెరట్లోకి వెళ్ళి, దండెం మీద ఆరేసిన చీరలు తీసి కార్డులకు చోటిచ్చింది.

నేను అచ్చు పనిలోకి పోలేదు. సరుకుల ఖాతాలు సరిచూసే లెక్కల్లో పడ్డాను, అవీ అక్కలాగే చూసి నేర్చుకున్నవే. కాగితం మీద మొత్తం సరిపోయిందంటే నాకు తృప్తి ఉండదు. పై నుంచి కూడినదాన్ని కింది నుంచి కూడి చూసినా అవి పక్కపక్క కొండలే. అందుకని గోదాములోకి నడిచి వెళ్ళి బస్తాలు లెక్కపెడతాను. తోటివాళ్ళు దీన్ని చాదస్తమంటారు. నాకైతే ఏదైనా ఒక మూల చక్కగా కలిసిందంటే, అవతలి చివర వేలితో ఒకసారి నెట్టి చూడాలి. ఊగకపోతే అప్పుడు సంతకం పెడతాను.