డ్రమ్ముల సందులో ఇరుక్కున్న ట్యాంకరు

కొత్త బండ్లు కొనడానికి అనుమతి వచ్చిందని తెలిసిన రోజు నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. మా పట్టణంలో మున్సిపల్ షెడ్డు నా చేతికి వచ్చి అప్పటికి మూడేళ్ళు. పాత ట్రాక్టర్లకు టైర్లు మార్పించడం, కారే ట్యాంకర్లకు అతుకులు వేయించడం తప్ప ఇంజనీరుగా నేను చేసిందేమీ లేదు. ఇప్పుడు ఏవి కొనాలో, ఏవి వేలం వేయాలో జాబితా రాయవలసింది నేనే.

కంపెనీలవాళ్ళు ఇచ్చిన బొమ్మల పుస్తకాలను అన్నం తింటూ కూడా తిరగేశాను. వాటిలో ఒక పెద్ద ట్యాంకరు లారీ నా మనసు లాగేసింది. మా ట్రాక్టరు ట్యాంకర్లు మూడు మోసే నీళ్ళను అదొక్కటే మోస్తుంది. గుట్టకింద పేటలో బోర్లు ఎండిపోయి ఏళ్ళయింది. ఎండాకాలంలో మేము తీసుకుపోతే తప్ప అక్కడ తాగడానికి చుక్క ఉండదు. రెండు లారీలు కొని, ట్రాక్టర్లన్నీ వేలం వేస్తే ఆ పేట కష్టం తీరుతుందనుకున్నాను. వానలు పడి ఊరు చల్లబడ్డ రోజుల్లో నేనే టేపు పట్టుకుని పోయి, ఆ పేట సందును ఈ గోడ నుంచి ఆ గోడకు కొలిచాను. లారీ పట్టగా ఇంకా జాగా మిగిలింది. ఆ రోజంతా గాల్లో తేలాను.

జాబితాను షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. ఇరవై ఏళ్ళుగా ఆ పేటకు ట్రాక్టరు తోలుతున్న పెద్ద డ్రైవరు ఒక్కడే తల అడ్డంగా ఊపాడు.

"లారీ ఆ సందులోకి పోదు సార్."

"నేను కొలిచినా కదప్పా."

"మీరు కొలిచిండేది వానల్లో. ఎండకాలం ఒకసారి నాతో రాండి."

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "లారీ తోలేది రాదని భయమా ఏమప్పా నీకు?" అన్నాను. అందరూ నవ్వారు. అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అవతలికి పోయాడు. చదువు లేనివాడు నా జాబితాలో తప్పు చూపడం నాకు నచ్చలేదు, అంతే. ఆ మాటకు ఇంకో కారణం లేదు.

జాబితా మీద కమిషనరు సంతకం కావలసిన రోజుకు ముందురోజు, మంచి ఎండల్లో, కంపెనీవాళ్ళు చూపించడానికి ఒక లారీ పంపారు. దానికి ఎదురు రాప్తాడు దాకా పోయాను. పెళ్ళికొడుకులా ముందు సీటెక్కి, నీళ్ళు నింపించి, గుట్టకింద పేటకు దారి చూపించాను. అంత ఎత్తు నుంచి చూస్తే తెలిసిన ఊరే కొత్తగా ఉంది. జనం ఆగి చూస్తుంటే నాకు నవ్వు ఆగలేదు.

సందులో మూడో ఇంటి దగ్గరే లారీ ఇరుక్కుంది. రెండు వైపులా గోడల వెంబడి నీలం డ్రమ్ములు, గొలుసులతో కట్టి, చాలా చోట్ల రెండేసి వరసల్లో. బండే పోలేని పక్క సందులవాళ్ళు కూడా తమ డ్రమ్ములు ఇక్కడికే తెచ్చి పెట్టుకుంటారు. నేను కొలిచిన రోజు అవన్నీ ఇళ్ళలో ఉన్నాయి.

కొంచెం జరపమని ఒక పెద్దామెను అడిగాను.

"జరిపితే నా వరస పోతాది. కడాకు పోతే నీళ్ళు నువ్వు పోస్తావా సామీ?" అందామె.

అక్కడ డ్రమ్ము ఉన్న చోటే ఆ ఇంటి వంతు. ట్యాంకరు మొదటి నుంచి నింపుకుంటూ పోతుంది, చివరి డ్రమ్ములకు ఒక్కోసారి మిగలదు. అందుకే ఎవరూ జానెడు కూడా కదపరు. నేను తప్ప షెడ్డులో అందరికీ ఈ సంగతి తెలుసు.

అంతలో పెద్ద డ్రైవరు తన ట్రాక్టరుతో వచ్చాడు. చేతులు ఊపుతూ లారీని మెల్లగా వెనక్కి తీయించాడు. తర్వాత ట్రాక్టరును సందులోకి పోనిచ్చి, డ్రమ్ములు నింపసాగాడు. నా జాబితా ప్రకారం ఆ ట్రాక్టరు వేలానికి పోవాలి. పోయి ఉంటే ఆ ఎండాకాలం ఆ డ్రమ్ముల్లో నీళ్ళు పోసేవాళ్ళే ఉండేవాళ్ళు కాదు.

మరునాడు జాబితా మార్చాను. పెద్ద లారీలు తీసేసి చిన్న ట్యాంకరు బండ్లు రాశాను, బాగున్న ట్రాక్టర్లను ఉంచాను. కమిషనరు చదివి, సందులు చూసి బండ్లు ఎంచిన ఇంజనీరును ఇప్పుడే చూస్తున్నానని మెచ్చుకున్నారు. పెద్ద డ్రైవరు సంతకానికి ట్రిప్పుల పుస్తకం పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నాడు. నేను "థాంక్యూ సార్" అని ఊరుకున్నాను. ఎగతాళి కంటే ఆ థాంక్యూ నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

కొత్త బండ్లు వచ్చిన రోజు షెడ్డంతా పండగలా ఉంది. కొబ్బరికాయ కొట్టగానే, ధైర్యం పోకముందే, పెద్ద డ్రైవరును చూపిస్తూ అందరి ముందూ చెప్పేశాను. పెద్ద లారీ సందులో పట్టదని ముందే చెప్పింది ఈయన, ఎగతాళి చేసింది నేను, పై అధికారి దగ్గర ఈయన పేరు దాచిందీ నేనే అని.

"తెలుసులే సార్," అన్నాడు పెద్ద డ్రైవరు. బండి వెనక్కి పోయి వంగి చూశాడు. "ఈ పైపు చూసినారా? పొట్టిగా ఉండాది. లోపలి వరసకు అందదు."

"ఎంతుండల్ల అన్నా?"

"పోస్తే కదా తెలిసేది. ఎక్కండి."

ఈసారి బండి సందు చివరి దాకా హాయిగా పోయింది. పైపు మాత్రం లోపలి డ్రమ్ములకు మూరెడు తక్కువైంది. ఆడవాళ్ళు బిందెలతో అందుకుంటూ నన్ను నోరారా తిట్టారు. పెద్ద డ్రైవరు చెప్పిన కొలత ఆ తిట్ల మధ్యే అరచేతి మీద రాసుకున్నాను. అంత సంతోషంగా నేను ఏ కొలతా రాసుకోలేదు.