అవతలి గట్టున ఓనరుగారు

మా బస్సు కంపెనీకి ఒక్కటే బండి ఉన్న రోజుల్లో ఓనరుగారు దాని ముందుసీట్లో కూర్చుని, ఎక్కడ ఆగాలో, ఎక్కడ హారన్ కొట్టాలో, ఏ గేదెకు దారివ్వాలో తానే చెప్పేవారట. అరవైల మొదట్లో నేను బుకింగు గుమాస్తాగా చేరేనాటికి బళ్ళు పెరిగాయి, నందిగామలో బ్రాంచి వెలిసింది. ఓనరుగారు మాత్రం ఒక్కరే ఉన్నారు. జగ్గయ్యపేటలో కూర్చుని, నందిగామలో కిటికీ ఏ రెక్క తెరవాలో కూడా ఆయనే చెప్పేవారు. ఆ బ్రాంచి చూసే మా ఏజెంటుగారు తుమ్ము వస్తే పేటకు ఫోను చేసి, లైను దొరికేదాకా ముక్కు పట్టుకుని కూర్చునే మనిషి.

ఆ వానాకాలంలో బ్రాంచిలో మంచినీళ్ళ కుండ పగిలింది. కొత్తది కొనాలంటే అనుమతి కావాలి. వానలకు ఫోను మూగబోయింది. అందుకని ఏజెంటుగారే స్వయంగా పేట బండెక్కారు. కుండ దానంతటదే పగిలిందని సాక్ష్యం చెప్పడానికి నన్నూ ఎక్కించారు.

నందిగామ దాటగానే ఆకాశం కాటుక రంగుకు తిరిగింది. మిట్టమధ్యాహ్నం డ్రైవరు లైట్లు వేశాడు. జొన్నచేలల్లో ఒక్క మనిషి లేడు. ఎదురుగా ఒక్క ఎడ్లబండి అయినా రాలేదు. అదే నాకు నచ్చలేదు.

వాగు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు రాలేదో తెలిసింది. వాగుకు అడ్డంగా రోడ్డు కోసం పోసిన చప్టా మీదుగా ఎర్రనీళ్ళు జానెడెత్తున పోతున్నాయి. చప్పుడు మాత్రం భూమ్మీది రైసుమిల్లులన్నీ ఒక్కసారే ఆడుతున్నట్టుంది. అవతలి గట్టున ఓనరుగారు. బండి ఆలస్యమైందని కారేసుకుని వచ్చేశారు. గొడుగు కింద నిలబడి రమ్మని చెయ్యి ఊపుతున్నారు. ఆ చెయ్యి వాగు దాటి వచ్చి మా స్టీరింగు పట్టుకున్నట్టే ఉంది.

"పోతన్నామా, నాయనా?" అంది వత్సవాయి పోయే ముసలమ్మ, చంకలో కోడిని బిగించుకుని.

"ఓనరుగారు రమ్మంటన్నారమ్మా," అన్నాడు డ్రైవరు.

"మునిగితే ఆయనొచ్చి తేలుస్తాడా?"

ఆ పక్కన పురిటికి పుట్టింటికి పోతున్న పిల్ల కళ్ళు మూసుకుంది. డ్రైవరు గేరు మీద చెయ్యి వేశాడు. "ఏం చెయ్యమంటారండీ?" అని ఏజెంటుగారిని అడిగాడు.

ఏజెంటుగారు అలవాటుకొద్దీ ఫోను కోసం వెతుకుతున్నట్టు చుట్టూ చూశారు. తర్వాత కిందికి దిగి, చప్టా అంచుదాకా నడిచి, వంగి చూశారు. తిరిగొచ్చేసరికి ఆ మొహానికి ఎవరో సున్నం వేసి పంపారు.

"బండి వెనక్కి తియ్యి."

"ఆయన రమ్మంటన్నారు గదండీ. నా ఉద్యోగం పోద్ది."

"ఆయన అవతలున్నారు. మనం ఇవతలున్నాం. పోతే నాది పోద్దిలే, తియ్యి."

బండి వెనక్కి నడిచింది. అవతల చెయ్యి ఊగడం ఆగింది. ఊగినప్పటికంటే ఆగినప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది.

మర్నాడు వాగు తీసింది. ఓనరుగారు దిగువన మోకాలి లోతులో దాటి ఇవతలికి వచ్చారు. ఏజెంటుగారు ఉద్యోగం పోయినట్టేనని అప్పటికే ఇంట్లో చెప్పి వచ్చారు.

"రమ్మంటే ఎందుకు రాలేదయ్యా?"

"మీ వైపు నుంచి కనబడదండి. ఇటొచ్చి చూడండి."

చూశారు. పైన చప్టా పలక నున్నగా, చెక్కుచెదరకుండా ఉంది. దాని కింద మన్నంతా కొట్టుకుపోయి, మా బండీ, ఇంకో బండీ, రెండు బళ్ళ జనమూ పట్టేంత చీకటి. ఆ పలక ఏ నమ్మకంతో నిలబడి ఉందో తెలియదు. అవతల నుంచి చూసేవాళ్ళకు మాత్రం భేషైన రోడ్డు. మట్టిపెళ్ళ ఒకటి జారి లోపలెక్కడో పడింది. ఆ చప్పుడు పైకి రావడానికి చాలాసేపు పట్టింది.

"ఇకనుంచి ఇటువైపు బండి కదలాలా వద్దా నువ్వే చెప్పు," అన్నారు ఓనరుగారు. "నన్నడక్కు."

"తప్పయితేనండీ?"

"తప్పయితే తిడతా. అడగలేదని మాత్రం తిట్టను."

తర్వాత వెలిసిన బ్రాంచీలకూ అదే మాట చెప్పారు. కంపెనీ నిజంగా పెరిగింది అప్పటినుంచే. పేటవైపు చూడకుండా బళ్ళు వేళకు కదిలేవి, వేళ కానప్పుడు ఆగేవి. ఓనరుగారికి మధ్యాహ్నం నిద్ర పట్టడం మొదలైంది. అంతవరకూ హాయిగా కునుకు తీసే మా ఏజెంటుగారికి అది పోయింది.

ఓనరుగారు ఆ మాటన్న వారంలోనే మళ్ళీ పడమట మబ్బు లేచింది. బ్రాంచి ముందు వీరులపాడు బండి నిండా జనం. డ్రైవరు తల బయటపెట్టి, "పోనా అండీ?" అన్నాడు.

ఏజెంటుగారు రోడ్డు మధ్యకు వచ్చి తలెత్తారు. ఆ మబ్బు ఇప్పుడు ఆయన ఒక్కరిదే.