మిరప కల్లంలో కెనడా మంచు

ఆ రోజుల్లో పరీక్ష తప్పడమంటే ఒక్క మనిషి వ్యవహారం కాదు, ఊరంతా వచ్చి పరామర్శించాల్సిన సంగతి. ఎనభైల నడిమి మాట. నరసరావుపేటలో డిగ్రీ వెలగబెట్టిన నేను ఒక్క ఇంగ్లీషులో తప్పి, మాచర్ల దగ్గర మా ఊళ్ళో వచ్చి కూర్చున్నాను. (మిగతావన్నీ ప్యాసయ్యానని ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కేది కాదు.) మా ఇంగ్లీషు మేడం జాలిపడి, తన బీరువాలోంచి ఒక పుస్తకం తీసి చేతిలో పెట్టి, "రోజూ కాస్త చదివి, చదివింది తెలుగులో ఎవరికైనా చెప్పు, భాష అదే వస్తుంది" అన్నారు. అది కెనడా రచయితలు రాసిన ఊహా కథల పుస్తకం. ఇంకా రాని కాలం, మంచు కింద పట్నాలు, మాట్లాడే యంత్రాలు, అన్నీ అలాంటివే. కెనడా అంటే పటంలో పైన గులాబీ రంగులో ఉండే పెద్ద ముక్క అని తప్ప నాకేమీ తెలియదు. ఇక ఎవరికి చెప్పాలన్నది అసలు సమస్య. అమ్మ రెండో వాక్యానికే నిద్రపోయేది. నాన్నకు పుస్తకం కనబడితేనే ఒళ్ళు మండేది.

చివరికి నాకు దొరికిన శ్రోతలు మా మిరప కల్లంలో తొడిమలు తీసే ఆడవాళ్ళు. ఊరికే కూర్చున్నాను గదా అని నాన్న నన్ను అక్కడ కాపలా పెట్టాడు. పట్టా పందిరి కింద ఎర్రటి గుట్ట చుట్టూ పదిమంది కూర్చుని రంగు పోయిన తాలు కాయలు పక్కన పడేస్తూ తొడిమలు తుంచేవారు. వాళ్ళ ముఠాకు పెద్ద మెకానిక్ పిన్ని. ఆయిలింజన్లు బాగుచేసే బాబాయి భార్య కాబట్టి ఆ పేరు. బాబాయి పోయి అప్పటికి ఏడాది. పిన్ని మాత్రం ఎప్పటిలాగే అందరికంటే ముందొచ్చేది, అందరికంటే గట్టిగా మాట్లాడేది.

మొదటి రోజే మంచు దగ్గర బండి ఆగిపోయింది. ఆకాశం నుంచి తెల్లగా రాలుతుందని చెప్పాను.

"వడగళ్ళేగా" అంది ఒకామె.

"కాదక్కా, మెత్తగా ఉంటది. జిన్నింగు మిల్లులో దూది ఎగురుద్ది చూడు, అట్టా."

"మరి ఏరుకోరా?"

"ఏరితే చేతిలోనే కరిగిపోద్ది."

పిన్ని చేతిలో కాయకు తొడిమ తుంచి, "చానా పనికిమాలిన పంట" అని తేల్చేసింది. ఆ మాటతో కెనడా మా కల్లంలో స్థిరపడిపోయింది. వారం తిరిగేసరికి పక్క కల్లాల్లోని కూలీలు కూడా మా పందిరి కిందకి రాసాగారు. "నీ కూతురు కతలు చెప్పి మా మనుషుల్ని లాగేస్తంది" అని పెదనాన్న వచ్చి తగువు పెట్టుకుంటే, నాన్న పైకి సర్దిచెప్పి, లోపలికొచ్చి మీసాల్లో నవ్వుకున్నాడు. అప్పటిదాకా "ఆ పుస్తకం కూడు పెడుద్దా" అన్న మనిషి, పొద్దున్నే "ఇయ్యాల కత ఉందా?" అని అడగడం మొదలుపెట్టాడు.

అలా ఊపులో ఉండగా ఇనుప మనిషి కథ వచ్చింది. ఎక్కడో ఉత్తరాన, మనుషులు తిరగని మంచులో, గాలివానల లెక్కలు రాసుకునే ముసలాయన ఒకడుంటాడు. వండిపెట్టడానికి ఆడమనిషి ఆకారంలో ఒక యంత్రం. (మావాళ్ళు వెంటనే ఆమెకు ఇనపమ్మ అని పేరు పెట్టేశారు.) రోజూ సాయంత్రం నాలుగింటికి ఆమె టీ పెట్టివ్వాలి. ఒకరోజు ఆయన కుర్చీలోనే ప్రాణం వదిలేస్తాడు. చావంటే ఏమిటో ఇనపమ్మకు ఎవరూ నేర్పలేదు. అందుకని రోజూ టీ పెడుతుంది, ఆయన ముందుంచుతుంది, చల్లారినదాన్ని తీసి మళ్ళీ కాస్తుంది. నేను గొంతు వణికించి మరీ చెప్పాను. నాకు నటన కూడా వచ్చని అప్పట్లో గట్టి నమ్మకం.

"చావింట్లో పొయ్యి ఎట్టా ఎలిగిస్తదే? ఇరుగుపొరుగు అన్నం తేవాలిగా."

"ఆ మంచులో ఇరుగూపొరుగూ యాడుంటారు?"

"మరి దానికి కబురు చెప్పేదెవరు? చెప్పకపోతే అది ఏడిసేదెట్టా?"

ఈ గొడవలో పిన్ని లేచింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. నేను ఎవరి ముందు ఏ కథ చెప్పానో అప్పుడు వెలిగింది నాకు.

మర్నాడు పిన్ని రాలేదు. ఆమె రాకపోతే ముఠా కదలదు. ఆకాశం చూస్తే మబ్బు పట్టింది, కాయ ఆరుబయట ఉంది. నాన్న కల్లం చుట్టూ నాలుగుసార్లు తిరిగి నా దగ్గరకొచ్చి ఆగాడు. "కాయ తడిస్తే తడిసింది. ముందు పోయి ఆమెకి ఒక మంచి మాట చెప్పిరా" అన్నాడు. తిట్టినా బాగుండేది. దారిపొడుగునా నేను ఒక కొత్త ముగింపు తయారుచేసుకున్నాను. ముసలాయన చనిపోలేదు, చలికి గడ్డకట్టుకుపోయాడంతే, ఎండాకాలం డాక్టర్లొచ్చి పెట్టెలో పెట్టి బతికించారు. ఆమె ఇల్లు చేరేలోగా మూడుసార్లు నగిషీ కూడా పెట్టాను.

పిన్ని మంచం మీద తడిగుడ్డ కళ్ళకేసుకుని పడుకుని ఉంది. గుడ్డ తీస్తే కళ్ళు రెండూ వాచి మూసుకుపోయాయి.

"ఏడిసి ఇట్టా అయ్యాయా పిన్నీ?"

"ఏడిసింది కాసేపేలే. కారం చేతుల్తో తుడుచుకున్నా. చిన్నప్పట్నించీ కాయ కాడ కూసున్నా, ఎన్నడూ చేయని పని."

నవ్వాలో ఏడవాలో తెలియక, నా డాక్టర్ల ముగింపు గబగబా అప్పజెప్పాను. ఆమె అంతా విని, "పుస్తకంలో అట్టానే ఉందా?" అంది. ఉందన్నాను. "నా మీద ఒట్టెయ్." ఆమె తల దాకా పోయిన నా చెయ్యి ఆగిపోయింది. "ఉన్నదేందో చెప్పమ్మా."

చెప్పాను. మంచు కరిగాక మనుషులొచ్చి, ఆయన ఇక లేడని ఇనపమ్మకు చెబుతారు. ఆమె చాలాసేపు ఆ కుర్చీ వైపు చూసి, వచ్చినవాళ్ళను అడుగుతుంది, టీ ఎంతమందికి పెట్టమంటారు అని. కథ అంతే.

పిన్ని తడిగుడ్డను మడతపెట్టి పక్కన పెట్టింది. "మీ బాబాయి పోయిన కాడ్నించి ఈ ఇంట్లో సాయంత్రం టీ కాయనేలేదు. నా ఒక్కదానికి ఎందుకులే అని మానేశా" అంది. "ఇనపదానికున్న బుద్ధి నాకు లేకపాయె." తడుముకుంటూ లేచి కిరసనాయిలు పొయ్యి దగ్గరకు వెళ్ళింది. నేను అందిస్తానన్నా వినలేదు, పంచదార డబ్బా ఎక్కడుందో చెబితే చాలంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఆమె చెవిన పడింది.

"నువ్వు కళ్ళు తుడుచుకోబాక. చేతులు కడుక్కున్నావో లేదో."

ఆ మరుసటి రోజు పిన్ని వచ్చింది, ముఠా వచ్చింది, మబ్బు కురవకుండానే పోయింది. కథ చివర తానే చెబుతానని పట్టుబట్టి, ఇనపమ్మకు నలుగురు ఇరుగమ్మల్ని కూడా కల్పించి మరీ చెప్పింది పిన్ని. ఎవరూ ఒట్టు వేయమనలేదు. ఇంగ్లీషు ఆ మార్చిలో ఎలాగో గట్టెక్కింది. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకుంటే, పెద్దామెకు నిజం తట్టుకునే శక్తి లేదనుకుని, అబద్ధానికి నగిషీలు పెట్టుకుంటూ పరిగెత్తిన ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల మీద నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. కళ్ళు కనబడక పిన్ని ఆరోజు పంచదార గుప్పెళ్ళతో పోసింది. పాకంలా ఉన్న ఆ టీ బాగుందని చెప్పి ఇంకో గ్లాసు పోయించుకున్నాను. ఆమెతో నేనాడిన అబద్ధాల్లో నిలబడింది అదొక్కటే.