స్టేజీ మీద శోకం

ఆదివారం పొద్దున వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగి, గని కార్మికుల పిల్లలకు నాటకం నేర్పడం నా పని. వాళ్లను ఉద్ధరిస్తున్నానని ఎప్పుడూ అనుకోలేదు. రిహార్సల్‌కు వేళకు వస్తే అదే పదివేలు.

ఆ ఏడు మా నాటకంలో ఒక కార్మికుడి మీద నాపరాయి పడుతుంది. కూతురు శవం దగ్గర శోకం పెట్టాలి. మా వైపు శోకమంటే ఉత్త ఏడుపు కాదు. పోయినవాళ్లను నాయినా, తాతా అని వరుసతో పిలుస్తూ, వాళ్లు చేసిన మంచినంతా రాగం తీసి చెప్పడం. ఆ రాగం పదో తరగతి అమ్మాయి ఒక్కతికే పట్టుబడింది. వేషం దక్కిన రోజు నుంచి ఆ పిల్ల అందరికంటే ముందొచ్చి గది ఊడ్చేది.

ఒక ఆదివారం వాళ్లమ్మ వచ్చింది. రాళ్ల పాలిష్ దగ్గర పనిచేసే మనిషి. చీర అంచుకు తెల్లటి బురద ఇంకా ఆరలేదు.

"మేడం, దీని నాయిన నిమ్మలంగ గనికి పోయొస్తున్నడు. మనిషి బతికుండంగ బిడ్డ 'ఓ నాయినా' అని శోకం పెడ్తే ఇంటికి కీడు గాదా? ఇయ్యాల్టి నుంచి దీన్ని నాటకానికి తోలియ్య."

నాటకం వేరు, నిజం వేరు అని చెప్పి చూశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అంతలో అమ్మాయి, "తాత పేరు మీద ఏడుస్తనే అమ్మా. తాత ఎట్లన్న పోయినోడే గదా" అంది.

తల్లి ఆలోచించింది. "తాతయితే సరే. నేనొచ్చి ముందల కూసుంట. నాయిన మాటొస్తే చెయ్యి వట్టి గుంజుకపోత."

తాత అంటే ఆమె కన్నతండ్రే. అలా మా కథలో చనిపోయే మనిషికి రాత్రికి రాత్రి ముసలితనం వచ్చింది. ఆ వయసువాణ్ని గనిలో ఎవరు పెట్టుకుంటారని నాకు చిరాకేసింది. అయినా ఆ గొంతును వదులుకోలేక ఒప్పుకున్నాను.

నాటకం రోజు సాయంత్రం బడి ఆవరణలో జనం బాగానే కూర్చున్నారు. తెల్లగుడ్డ కప్పుకుని పడుకున్న పిల్లవాడి పక్కన చేరి అమ్మాయి "ఓ తాతా" అని అందుకుంది. సంత నుంచి పుట్నాలు తెచ్చేవాడివి, భుజం మీద ఎక్కించుకుని తిప్పేవాడివి అని రాగం సాగుతోంది. ముందు వరుసలో తల్లి లేచింది. లాక్కుపోతుందనుకున్నాను. పిల్ల కూడా అదే అనుకున్నట్టుంది, తల్లినే చూస్తోంది, గొంతు మాత్రం ఆపలేదు. తల్లి స్టేజీ ఎక్కి, కూతురి పక్కన చతికిలబడి, మెడ చుట్టూ చెయ్యి వేసి, "ఓ నాయినా" అంది.

శోకం పెట్టేదాన్ని ఒంటరిగా వదలడం ఇక్కడి పద్ధతి కాదు. ఒకరి వెనక ఒకరు ఆడవాళ్లంతా ఎక్కి చుట్టూ కూర్చున్నారు. శవం వేషం కట్టిన పిల్లవాడు బెదిరి లేచి పక్కకు పోతే ఎవరూ పట్టించుకోలేదు. మిగతా సగం నాటకం అక్కడితో సరి. తెర పక్కన నిలబడి నేనూ ఏడ్చాను. ఎవరి కోసమో అడిగితే చెప్పలేను.

కళ్లు తుడుచుకుని అందరూ బడి నల్లా దగ్గరికి నడిచారు. చావు చూసి కాళ్లు కడుక్కోకుండా ఇంటికి పోరు. తల్లి బిడ్డ కాళ్ల మీద నీళ్లు పోసింది. తర్వాత చెంబు నావైపు చాచింది. నేనూ కడుక్కున్నాను.

"మళ్ల ఆదివారం తోలిస్త మేడం" అంది. "గానీ ఈసారి నా బిడ్డకు నవ్వే ఏషం ఇయ్యుండ్రి."